కంటికి కనపడని చీటీ

కర్నూలు పెద్దాసుపత్రికి పోయినవాళ్లకు ఓపీ చీటీ సంగతి తెలుసు. కల్లూరు నుంచి పొద్దున్నే ఆటో ఎక్కుతారు. హంద్రి దాటి పోతారు. ముందు కౌంటరు దగ్గర వరుసలో నిలబడతారు. పేరు అడుగుతారు. వయసు అడుగుతారు. ఊరు అడుగుతారు. అన్నీ చెప్పినాక ఒక చీటీ చేతికిస్తారు. దాని మీద ఒక నంబరు ఉంటుంది.

ఆ తర్వాత అన్నిచోట్లా ఆ చీటీ చూపిస్తే సరిపోతుంది. డాక్టరు చీటీ చూస్తారు. రక్తపరీక్ష గదిలో చీటీ చూస్తారు. మందులిచ్చే కిటికీ దగ్గరా చీటీయే చూస్తారు. చీటీ పోతే? మళ్లీ మొదటి కౌంటరే గతి.

దేశంలో చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ చీటీ కోసం ఇప్పుడు ఫోను కూడా వాడుతున్నారు. 2022 అక్టోబరులో ఈ పద్ధతి మొదలైంది. గోడ మీద నల్లగీతల చదరం బొమ్మ అంటించి ఉంటుంది. దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. ఫోనుతో దాన్ని చూపిస్తే పేరు, వయసు, ఊరు వాటంతట అవే ఆసుపత్రి కంప్యూటరుకు పోతాయి. ఫోనులో ఒక టోకెన్ నంబరు వస్తుంది. దీనికి ఆభా అనే 14 అంకెల ఆరోగ్య నంబరు కావాలి.

ఈ టోకెన్ కంటికి కనపడుతుంది. ఫోనులో కంటికి కనపడని టోకెన్ ఇంకొకటి ఉంది. దాని పేరు సెషన్ టోకెన్. సెషన్ అంటే ఒక విడత పని. లోపలికి పోయినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా ఒక సెషన్. ఆ విడత మొత్తానికి ఫోనుకు దొరికే చీటీయే సెషన్ టోకెన్. ఫోనులో ఇంటర్నెట్ వాడే ప్రతి ఆడమనిషి దగ్గరా ఈ చీటీలు ఉంటాయి. చాలామందికి అవి ఉన్నట్టే తెలియదు. పోగొట్టుకున్నది కూడా తెలియదు. చిక్కు అక్కడే ఉంది.

అడిగేది ఫోను, చెప్పేది సర్వర్

"సర్వర్ పని చేయడం లేదు, రేపు రా అమ్మా." ఈ మాట రేషను అంగడిలో విన్నదే. బ్యాంకులో విన్నదే. ఏందీ సర్వర్?

సర్వర్ అంటే ఎక్కడో దూరాన ఉండే పెద్ద కంప్యూటరు. అది కల్లూరులో ఉండదు. హైదరాబాదులో ఉండొచ్చు, ముంబైలో ఉండొచ్చు, వేరే దేశంలోనూ ఉండొచ్చు. బ్యాంకు లెక్కలన్నీ బ్యాంకు సర్వర్‌లో ఉంటాయి. ఆధార్ వివరాలు ఆధార్ సర్వర్‌లో ఉంటాయి. ఫోనులో ఉండేది అడిగే యంత్రం మాత్రమే. "ఈమె ఖాతాలో ఎంతుంది?" అని ఫోను అడుగుతుంది. సర్వర్ జవాబు పంపుతుంది. ఆ జవాబు తెర మీద కనపడుతుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. ఇంత పెద్ద యంత్రానికి మనుషుల్ని గుర్తుపెట్టుకునే అలవాటు లేదు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పగానే అడిగింది ఎవరో మరిచిపోతుంది. అదే ఫోను మరుక్షణం ఇంకో ప్రశ్న అడిగితే కొత్త మనిషిని చూసినట్టే చూస్తుంది. ఎందుకట్లా? లక్షల ఫోనులు ఒకేసారి అడుగుతుంటాయి. అందరినీ తలలో పెట్టుకుని కూర్చుంటే పని సాగదు. అందుకే మొదట్లోనే అట్లా కట్టారు. ఇంటర్నెట్‌లో పేజీలు చూసే పద్ధతిని 1989లో టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన ఆలోచించినాడు. అప్పుడు అది చదువుకున్న శాస్త్రజ్ఞులు కాగితాలు ఇచ్చిపుచ్చుకోవడానికి. కాగితం అడిగినవాడెవడో గుర్తుండాల్సిన పనేముంది?

తర్వాత ఇంటర్నెట్‌లో అంగళ్లు వచ్చాయి. అంగడికి ఈ మతిమరుపు పనికిరాదు. ఒక సామాను బుట్టలో వేసి రెండోదాని కోసం చూస్తే, మొదటిది ఎవరు వేశారో సర్వర్‌కు తెలియదు. 1994లో అమెరికాలో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఆయన దీనికి ఉపాయం కనిపెట్టినాడు. గుర్తుపెట్టుకునే పని సర్వర్‌కు వద్దు, ఒక చీటీ రాసి అడిగినవాళ్ల కంప్యూటరుకే ఇద్దాం, వచ్చిన ప్రతిసారీ ఆ చీటీ చూపిస్తారు అన్నాడు. ఆ చీటీకి కుకీ అని పేరు పెట్టినారు. కుకీ అంటే అక్కడ బిస్కెట్టు. తినేదానికి, దీనికి ఏ సంబంధమూ లేదు. ఫోనులో ఏదన్నా పేజీ తెరిస్తే "కుకీలు" అని అడుగుతుంది చూడండి, అది ఈ చీటీ సంగతే. అన్ని కుకీలూ సెషన్ టోకెన్లు కావు. కానీ సెషన్ టోకెన్‌ను చాలాచోట్ల కుకీలోనే రాసి పంపుతారు.

చీటీ ఎట్లా పుడుతుంది?

కల్లూరులో పొదుపు సంఘంలో ఉన్న ఒకామె ఉందనుకుందాం. ఆధార్‌లో తన చిరునామా సరిగా ఉందో లేదో చూసుకోవాలి. కూతురు పక్కన కూర్చుని ఫోనులో ఆధార్ పేజీ తెరిచింది.

"అమ్మా, నీ ఆధార్ నంబరు చెప్పు."

అమ్మ కార్డు చూసి 12 అంకెలు చదివింది. ఫోను ఆ నంబరును సర్వర్‌కు పంపింది. సర్వర్ వెంటనే నమ్మలేదు. నంబరు ఎవరైనా చెప్పొచ్చు కదా! కార్డు జిరాక్సులు ఎన్నిచోట్ల ఇచ్చి ఉంటారు? అందుకే సర్వర్ ఒక 6 అంకెల సంఖ్య తయారు చేసింది. ఆధార్‌కు ఏ ఫోను నంబరు ఇచ్చారో ఆ నంబరుకే మెసేజ్ పంపింది. అదే ఓటీపీ. ఒక్కసారికే పనికొచ్చే రహస్య సంఖ్య అది. ఆధార్ ఓటీపీకి 10 నిమిషాలే ఆయుష్షు.

అమ్మ మెసేజ్ తెరిచి 6 అంకెలు చదివింది. కూతురు కొట్టింది. సర్వర్ సరిచూసింది. తాను పంపిన అంకెలే తిరిగి వచ్చాయి. అంటే ఆ సిమ్ ఉన్న మనిషే అడుగుతోంది అని ఒప్పుకుంది. అప్పుడు ఒక చీటీ పుట్టించి ఈ ఫోనుకు పంపింది. ఫోను దాన్ని దాచుకుంది.

ఇదంతా ఒక్క క్షణంలో జరిగింది. తెర మీద ఆమె పేరు కనపడింది. చీటీ మాత్రం ఎవరికీ కనపడలేదు. ఆ తర్వాత చిరునామా మీద నొక్కినా, పుట్టిన తేదీ మీద నొక్కినా సర్వర్ మళ్లీ ఓటీపీ అడగలేదు. నొక్కిన ప్రతిసారీ ఫోను ఆ చీటీని తానే జతచేసి పంపుతోంది. సర్వర్ చీటీ చూసి జవాబిస్తోంది.

ఆ చీటీ మీద ఏముంటుంది? ఆసుపత్రి చీటీ మీద 57 అని ఉంటుంది. వెనక నిలబడ్డామెకు 58. ఫోను చీటీ మీద అట్లా వరుస నంబరు ఉంటే ఏమవుతుంది? దొంగ 59 అని చెప్పి మూడో ఆమె ఇంట్లోకి దూరుతాడు. అందుకే ఈ చీటీ మీద అక్షరాలు, అంకెలు కలిసి చాలా పొడుగ్గా ఉంటాయి. గుప్పెడు గింజలు చల్లినట్టు ఒక వరుసా వావీ లేకుండా ఉంటాయి. ఎంత తెలివైనవాడైనా ఊహించి చెప్పలేడు. దారిలో కూడా ఎవరూ చదవకుండా ఫోను దాన్ని రహస్య లిపిలోకి మార్చి పంపుతుంది. పేజీ చిరునామా పక్కన కొన్ని ఫోనుల్లో కనపడే తాళం బొమ్మకు అర్థం అదే. తాళం బొమ్మ ఉంటే దారి మాత్రమే భద్రం. అవతల ఉన్నది నిజమైన బ్యాంకేనా, దొంగ పేజీయా అన్నది ఆ బొమ్మ చెప్పదు.

ఓటీపీ అడిగేవాడికి ఏం కావాలి?

"అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఖాతా ఆగిపోతుంది. ఇప్పుడే ఒక నంబరు వచ్చి ఉంటుంది. చెప్పండి."

ఇట్లాంటి ఫోన్లు అందరికీ వస్తున్నాయి. నంబరు చెప్పొద్దు అని అందరూ అంటారు. ఎందుకు చెప్పొద్దో మాత్రం విడమరిచి చెప్పరు. అది తెలియకపోతే భయపెట్టినప్పుడు నోరు జారుతుంది.

ఆ ఫోను చేసినవాడు అప్పటికే తన ఫోనులో ఆమె పేరు మీద కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె నంబరు కొట్టినాడు. సర్వర్ ఓటీపీని ఆమె ఫోనుకు పంపింది. వాడికి ఆ 6 అంకెలే తక్కువ. ఆమె చెప్పగానే వాడు కొడతాడు. సర్వర్ చీటీ పుట్టిస్తుంది. ఆ చీటీ ఆమె ఫోనుకు రాదు. వాడి ఫోనుకు పోతుంది.

కొంతమంది తర్వాత అనుమానం వచ్చి ఆ మెసేజ్ తీసేస్తారు. ఫోను ఆపేస్తారు. దాంతో ఏమీ కాదు. ఓటీపీ పని అప్పుడే అయిపోయింది. ఓటీపీ 10 నిమిషాల్లో చచ్చిపోయినా దానితో పుట్టిన చీటీ బతికే ఉంటుంది. వాట్సాప్ ఓటీపీ చెబితే ఆమె వాట్సాప్ వాడి ఫోనులోకి పోతుంది. "అక్కా, అర్జెంటుగా 5,000 పంపు" అని వాడు ఆమె పేరుతో సంఘంలోని అందరినీ అడుగుతాడు. చెల్లెలు అడిగింది కదా అని పంపేవాళ్లూ ఉంటారు.

ఇక్కడ చదువు పనికొస్తుంది. ఓటీపీ మెసేజ్‌లో అంకెలు మాత్రమే ఉండవు. అది దేనికోసం వచ్చిందో చాలాసార్లు అందులోనే రాసి ఉంటుంది. డబ్బు కట్టేదానికా, లోపలికి పోయేదానికా, ఎంత మొత్తమో, ఏ కంపెనీకో ఉంటుంది. ఫోను అవతల మనిషి "డబ్బులు వేస్తాం" అంటున్నాడు. మెసేజ్‌లో "చెల్లింపు" అని ఉంది. రెండూ కలవడం లేదు కదా! ఆ మెసేజ్ ఇంగ్లీషులో ఉంటే ఇంట్లో చదివేవాళ్లతో చదివించుకునేదాకా ఫోను పెట్టేయడమే మేలు. నిజమైన బ్యాంకు ఫోను చేసి ఓటీపీ అడగదు.

డబ్బు దగ్గర చీటీ ఒక్కటే చాలదు

ఫోనుతో డబ్బు పంపే యూపీఐ పద్ధతి 2016లో వచ్చింది. కూరగాయల బండి మీద కూడా ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉంది. ఫోన్‌పే లాంటి యాప్ మొదటిసారి పెట్టుకున్నప్పుడు ఒక మెసేజ్ ఫోను నుంచే బయటికి పోతుంది. దాన్ని చాలామంది గమనించరు. బ్యాంకుకు ఇచ్చిన సిమ్ ఈ ఫోనులోనే ఉందా అని చూసుకోవడానికి యాప్ దాన్ని పంపుతుంది. ఆ సిమ్ వేరే ఫోనులో ఉంటే పని జరగదు.

అంత చేసినా డబ్బు పంపేటప్పుడు పిన్ అడుగుతుంది. పిన్ అంటే 4 లేక 6 అంకెల రహస్య సంఖ్య. ఇది ఓటీపీ లాగా మారదు. చీటీ ఉంది కదా, మళ్లీ ఎందుకు అడగాలి? ఎవరైనా ఫోను లాక్కుంటే చీటీ కూడా వాడి చేతికి పోయినట్టే. అప్పుడు డబ్బు పోకుండా ఆపేది పిన్. లోపలికి రానిచ్చేది చీటీ. బీరువా తెరిచేది పిన్. ఊర్లో అయినా అంతే. ఇంటికొచ్చిన చుట్టానికి మంచం వేస్తారు, బీరువా తాళంచెవి ఇవ్వరు. చిన్న మొత్తాలకు పిన్ అడగని యూపీఐ లైట్ అనే పద్ధతి కూడా ఉంది. అది పెట్టుకుంటే దానిలో కొద్ది డబ్బే ఉంచుకోవాలి.

డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. "మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అని ఎవరన్నా అంటే అది అబద్ధం. పిన్ కొడితే డబ్బు పోతుందే గానీ రాదు.

చీటీకి గడువు

తిరుపతిలో సర్వదర్శనం టోకెన్ తీసుకున్నవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. ఆధార్ కార్డు చూపిస్తారు. టోకెన్ ఇస్తారు. దాని మీద తేదీ, సమయం రాసి ఉంటాయి. ఆ సమయానికి పోవాలి. సెషన్ టోకెన్‌కు కూడా అట్లా గడువు ఉంటుంది. ఎంత గడువు అన్నది సర్వర్ పెట్టినవాళ్ల ఇష్టం. బ్యాంకు యాప్‌లలో గడువు చాలా తక్కువ. కొన్ని నిమిషాలు ఏమీ నొక్కకపోతే చీటీ చెల్లదు. వాట్సాప్‌లో అయితే నెలల తరబడి చెల్లుతుంది. డబ్బు ఉన్నచోట గడువు తక్కువ పెట్టడం న్యాయమే.

గడువు తీరితే తెర మీద "సెషన్ ఎక్స్‌పైర్డ్" అని వస్తుంది. అది చూసి చాలామంది హడలిపోతారు. ఖాతా పోయిందనుకుంటారు. డబ్బు పోయిందనుకుంటారు. ఏమీ పోలేదు. చీటీకి కాలం తీరింది, అంతే. మళ్లీ నంబరు, ఓటీపీ కొట్టి కొత్త చీటీ తీసుకోవచ్చు. పెద్ద దరఖాస్తు నింపుతూ మధ్యలో బువ్వ వండడానికి లేచిపోతే మాత్రం నింపిందంతా పోయే అవకాశం ఉంది. కాగితాలన్నీ ముందే పక్కన పెట్టుకుని కూర్చోవడం మంచిది.

నెట్ సెంటరులో ఉండిపోయే చీటీ

కూతురి మార్కుల కాగితం ఫోనులో ఉంది. ప్రింటు కావాలి. నెట్ సెంటరుకు పోతారు. అక్కడి కుర్రాడు తన కంప్యూటరులో వాట్సాప్ తెరుస్తాడు. తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది. "ఫోనుతో దీన్ని స్కాన్ చేయండక్కా" అంటాడు. చేస్తారు. ఆమె వాట్సాప్ మొత్తం ఆ కంప్యూటరులో తెరుచుకుంటుంది. కాగితం ప్రింటు తీస్తాడు. డబ్బులిచ్చి ఇంటికి వస్తారు.

చీటీ ఎక్కడుంది? ఆ కంప్యూటరులోనే ఉంది. తర్వాత వచ్చినవాళ్లెవరైనా ఆమె మాటలు చదవొచ్చు. ఫొటోలు చూడొచ్చు. ఆమె పేరుతో మాట్లాడొచ్చు. ఫోను ఇంట్లో ఆపేసి ఉన్నా అక్కడ నడుస్తూనే ఉంటుంది. ఫోనును వరసగా 14 రోజులు వాడకపోతే ఆ చీటీ దానంతటదే చెల్లకుండా పోతుంది. రోజూ ఫోను వాడేవాళ్లకు ఆ 14 రోజులు ఎప్పుడూ రావు. కుర్రాడు మంచివాడే కావచ్చు. కానీ ఆ కుర్చీలో రోజుకు ఎందరు కూర్చుంటారో అతనికి మాత్రం ఏం తెలుసు?

దీన్ని ఆమె తన ఫోను నుంచే రద్దు చేయొచ్చు. వాట్సాప్ పై మూలలో మూడు చుక్కలు ఉంటాయి. వాటిని నొక్కితే వచ్చే వరుసలో "లింక్డ్ డివైసెస్" అని ఉంటుంది. అంటే జతచేసిన యంత్రాలు. అక్కడ ఏ కంప్యూటరు పేరు ఉన్నా దాన్ని నొక్కితే "లాగ్ అవుట్" వస్తుంది. అది నొక్కగానే నెట్ సెంటరులో ఉన్న చీటీ చెల్లదు. పేరును ఎప్పుడూ చూడకపోయినా, ఎక్కడా స్కాన్ చేయకపోయినా అక్కడ ఒక యంత్రం కనపడిందంటే ఇంట్లోవాళ్లో బయటివాళ్లో ఆమె ఫోను పట్టుకుని ఆ పని చేసినట్టే. ఇది చాలామంది ఆడవాళ్లకు జరుగుతోంది. అడిగే హక్కు ఆమెకు ఉంది. ఫోను ఆమెది, మాటలు ఆమెవి.

లాగ్ అవుట్ అంటే చీటీ చింపేయడం. తెర మూసేస్తే చీటీ చిరగదు. కంప్యూటరు ఆపేసినా చాలాసార్లు చిరగదు. లాగ్ అవుట్ నొక్కినప్పుడు యంత్రం తన దగ్గరున్న చీటీని పారేస్తుంది. ఇక ఆ చీటీ ఒప్పుకోనని సర్వర్ కూడా రాసుకుంటుంది. మీసేవలోనో, ఇంకొకరి ఫోనులోనో ఓటీపీ చెప్పి పని చేయించుకున్నప్పుడు లేచేముందు "లాగ్ అవుట్ చేసినావా నాయనా?" అని అడగడంలో సిగ్గు పడాల్సిందేమీ లేదు.

ఫోనే పోతే

ఫోను పోతే దానిలోని చీటీలన్నీ పోయినట్టే. ముందు వేరే ఫోను నుంచి సిమ్ కంపెనీకి చెప్పి ఆ సిమ్ ఆపించాలి. అప్పుడు కొత్త ఓటీపీలు దొంగకు రావు. తర్వాత బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించాలి. అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని వాట్సాప్ పెట్టుకుంటే పాత ఫోనులో వాట్సాప్ ఆగిపోతుంది. డబ్బు పోయి ఉంటే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. ఇది సైబర్ మోసాలకు దేశమంతా పెట్టిన నంబరు. ఎంత తొందరగా చెబితే దొంగ తీసుకునే లోపల డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. మొగుడు తిడతాడనో, కొడుకు నవ్వుతాడనో రెండు రోజులు దాచిపెడితే ఆ అవకాశం పోతుంది.

పాత ఫోను అమ్మేటప్పుడు కూడా ఇంతే. సిమ్ తీసేసి ఇస్తే చాలదు. చీటీలు సిమ్‌లో ఉండవు, ఫోనులో ఉంటాయి. సెట్టింగులలో ఫోను మొత్తం తుడిచేసే ఏర్పాటు ఉంటుంది. అది చేశాకే ఇవ్వాలి.

ఫోను భాషను తెలుగుకు మార్చుకోవచ్చు. వాట్సాప్ కూడా తెలుగులో వస్తుంది. అప్పుడు మూడు చుక్కల వెనక ఉన్న మాటలు ఆమె తానే చదువుకోవచ్చు. కొన్ని యాప్‌లు మాత్రం ఇంగ్లీషు వదలవు. వాటిలో కొన్నింట ఒక గుర్తు ఉంటుంది. చిన్న తలుపు బొమ్మ, దానిలోంచి బయటికి పోయే బాణం. ఆ గుర్తు లాగ్ అవుట్‌దే.